ఏడు వరసల లెక్క

ఆగస్టు 19, మంగళవారం

గీతాంజలిని క్లాసుకు లాక్కెళ్ళాను. లాక్కెళ్ళడమే అది, దానికి వేరే మాట లేదు. కారెక్కాక కూడా రెండుసార్లు దిగిపోతానంది. బీకాం చదివి పదమూడేళ్ళయిందట, అదీ కరీంనగర్‌లో తెలుగు మీడియమట, ఇంగ్లీషులో లెక్కలు చెబితే తల తిరుగుతుందట. నేనున్నానుగా అన్నాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి గుంటూరులో డిగ్రీ ఆడపిల్లలకు తొమ్మిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని పక్కన కూర్చుంటుంటే భయమేమిటి?

ఇద్దరికీ ఈ ఏడే వర్క్ పర్మిట్ వచ్చింది. ఈ డిస్క్రీట్ మ్యాథ్ కోర్సు పాసైతే కమ్యూనిటీ కాలేజీలో డేటా సర్టిఫికెట్‌కి దారి దొరుకుతుంది. మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ల నుంచి కాలేజీకి పన్నెండు నిమిషాలు. తనకు డ్రైవింగ్ రాదు. వాళ్ళాయన ఉదయ్ ఉన్న ఒక్క కారూ ఆఫీస్‌కి తీసుకుపోతాడు. కాబట్టి మంగళ, గురువారాలు తన బండి నేనే.

మొదటి పాఠం సమితులు. ప్రొఫెసర్ హాలోవే బోర్డు మీద సమ్మేళనం, ఛేదనం, పూరకం గుర్తులు ఒక్కొక్కటే వేస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికా వచ్చిన పదేళ్ళలో నాకు పూర్తిగా తెలిసిన విషయం ఎదుటివాళ్ళు మాట్లాడగా వినడం ఇదే మొదలు. గీతాంజలి నా నోట్సులోకి చూసి రాసుకుంది. తిరిగొస్తూ కారులో నేనేదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వింది. చాలా బాగా గడిచింది ఈ రోజు.

ఆగస్టు 31, ఆదివారం

మా డైనింగ్ టేబుల్ దగ్గర తనకు గంటన్నర చెప్పాను. పూరకమంటే ఏంటిదక్కా అని మూడోసారి అడిగింది. ఒక గుంపు పేరు చెప్పుకున్నాక అందులో లేనివాళ్ళందరూ అన్నాను. కాసేపు ఆలోచించి, శనివారాలు తను పార్టీలకు వంటలు చేసిస్తుంది కదా, ఆ లిస్టు తీసింది. ఉల్లి తిననివాళ్ళు, గుడ్డు తిననివాళ్ళు, రెండూ తిననివాళ్ళు. ఇదేనా అంది. ఇదే, కానీ పరీక్షలో ఇలా రాయకూడదు, ప్రతి వరస పక్కనా ఏ నియమం వాడామో పేరు రాయాలి అన్నాను. తలూపింది.

చెప్పడం నాకెంత ఇష్టమో మర్చిపోయాను. తను వెళ్ళాక కూడా చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

సెప్టెంబరు 9, మంగళవారం

(A ∪ B) ∩ (A ∪ B′). దీన్ని సూక్ష్మీకరించమని ఇచ్చారు. నేను విభాగ న్యాయం రాసి, B ఛేదనం B పూరకం శూన్య సమితి అని మూడో వరసలో ఉన్నాను. పక్క నుంచి గీతాంజలి మెల్లగా "A నే కదా" అంది, తనలో తను అన్నట్టు. ప్రొఫెసర్‌కు వినబడింది. ఎలా అని అడిగారు. వచ్చీరాని ఇంగ్లీషులో, B లో ఉన్నవాడైనా లేనివాడైనా రెండు చోట్లా ఉండాలంటే A లో ఉండక తప్పదు కదా అంది.

ఆయన మార్కర్ మూత పెట్టి, ఆమెను మళ్ళీ చెప్పమన్నారు. క్లాసంతా వినేలా.

కారులో తనే సిగ్గుపడింది. నీ దయక్కా అంది. నాకు సంతోషమేసింది. నేను చెప్పిన మనిషే కదా.

సెప్టెంబరు 11, గురువారం

ఆ జవాబు ఏదో అలా తగిలి ఉంటుంది.

సెప్టెంబరు 25, గురువారం

మిడ్‌టర్మ్ పేపర్లు ఇచ్చారు. ఇద్దరికీ నూటికి నూరు. ఇది ముందు రాసుకోవాలి, ఎందుకంటే తక్కువ రాలేదు నాకు.

చివరి లెక్క [(A ∪ B)′ ∪ (A′ ∩ B)]′. నేను ఏడు వరసలు రాశాను. డీమోర్గాన్ రెండుసార్లు, ద్వి పూరకం రెండుసార్లు, తర్వాత విభాగ న్యాయం, పూరక నియమం, తత్సమ నియమం. ప్రతి దాని పక్కనా పేరు. జవాబు A. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. పేపరు మీద ‘కరెక్ట్’ అని ఉంది.

గీతాంజలివి రెండు వరసలు. దాన్ని ప్రొఫెసర్ తెర మీద వేసి చూపించారు. ‘అందంగా ఉంది’ అని రాశారు ఎర్ర ఇంకుతో. అందం. లెక్కలో.

దారిలో నేనే అడిగాను, నీకెలా కనబడిందని. చాలా మామూలుగా చెప్పింది: "A అంటే ఉల్లి తినేటోళ్ళు, B అంటే గుడ్డు తినేటోళ్ళు అనుకున్నక్కా. రెండూ తిననోళ్ళు ఒక టేబుల్. ఉల్లి వద్దు గుడ్డు ఓకే అనేటోళ్ళు ఇంకో టేబుల్. రెండు టేబుళ్ళు కలిపితే ఉల్లి తిననోళ్ళందరూ ఆడనే కూసున్నరు. బయట మిగిలిందెవరు? తినేటోళ్ళే. A."

నేను తొమ్మిదేళ్ళు చెప్పాను ఈ పాఠం. ఏ పిల్లకూ బల్లల మీద కూర్చున్న మనుషుల్ని చూపించలేదు. నాకూ ఎప్పుడూ కనబడలేదు. నాకు కనబడినవి వరసలే.

సెప్టెంబరు 28, ఆదివారం

ఈ వారం తను రాలేదు చెప్పించుకోవడానికి. వంటల ఆర్డర్ ఉందట.

మా ఆయన శ్యామ్ అన్నాడు, నువ్వేగా తీసుకెళ్ళింది, నీకు గర్వంగా ఉండాలి అని. ఉంది. నాకు అసూయ ఏమీ లేదు. పద్ధతి గురించే నా బాధ. పద్ధతి లేకుండా ముందుకు పోతే పెద్ద లెక్కల దగ్గర బోర్లా పడుతుంది. ఆమె మేలు కోరే అనుకుంటున్నాను ఇది.

అక్టోబరు 2, గురువారం

క్లాసు చివర ప్రకటన. కాలేజీ మ్యాథ్ ల్యాబ్‌లో విద్యార్థులకు సాయం చేసే ట్యూటర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఒక్కటే. ఇంటర్వ్యూ అక్టోబరు 17, శుక్రవారం. బోర్డు దగ్గర ఒక లెక్క చేసి, దాన్ని ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి.

నాకోసమే పుట్టినట్టుంది ఆ పోస్టు. మళ్ళీ ఒక బోర్డు, మార్కర్, ఎదురుగా అడిగే మనిషి. లేచి వెళ్ళి పేరు రాసి వచ్చేసరికి ప్రొఫెసర్ గీతాంజలి కుర్చీ దగ్గర ఆగి ఉన్నారు. మీరు తప్పకుండా రావాలి అంటున్నారు ఆమెతో. నన్ను చూసి, మీరూ రండి, అన్నారు.

మీరూ.

అక్టోబరు 7, మంగళవారం

బ్రేక్‌లో ఆమె చుట్టూ నలుగురు. వాళ్ళలో డెనీస్ అనే ఆవిడ, నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుంది, యాభై దాటి ఉంటాయి, గీతాంజలి పేరును ‘గీటా’ అని పిలుస్తూ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది. నేను కాఫీ తెచ్చుకుని వచ్చేసరికి నా కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. తర్వాత లేచారనుకో.

అక్టోబరు 14, మంగళవారం

గీతాంజలి కూతురు వేదకు ఫ్లూ. నూట రెండు. తను రాలేదు. ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

క్లాసయ్యాక ప్రొఫెసర్ పిలిచారు. ఇంటర్వ్యూ శుక్రవారం కాదు, గురువారం ఉదయం పదింటికి మార్చారట. అందరికీ మెయిల్ వెళ్ళింది, అయినా మీ ఫ్రెండ్ మెయిల్ చూడదని విన్నాను, మీరొకసారి చెబుతారా అన్నారు. తప్పకుండా అన్నాను.

తను కాలేజీ మెయిల్ ఎప్పుడూ తెరవదు. అందులో ఏముందో మొదటి రోజు నుంచీ నేనే చెబుతున్నాను.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. తియ్యలేదు. పాప ఒంట్లో బాగోలేనప్పుడు మళ్ళీ మళ్ళీ చేయడం మర్యాద కాదు. రేపు చెబుతాను.

అక్టోబరు 15, బుధవారం

తనే ఫోన్ చేసింది పొద్దున. మిస్డ్ కాల్ చూశానంది. వేదకు జ్వరం కాస్త తగ్గిందట. గురువారం క్లాసుకు రానంది, శుక్రవారానికి మాత్రం వాళ్ళత్త వరస ఆవిడను ఇంట్లో ఉంచి వస్తానంది. శుక్రవారం నన్ను తీసుకుపోతవు కదా అంది.

తీసుకెళ్తాను అన్నాను.

మెయిల్ వచ్చింది కదా. చూసుకోవాల్సింది. పెద్ద మనిషి.

అక్టోబరు 16, గురువారం

ఇంటర్వ్యూ బాగా జరిగింది. డీమోర్గాన్ నియమాన్ని వివరించమన్నారు. ముగ్గురం వచ్చాం. ఆమె ఎక్కడ అని ప్రొఫెసర్ అడిగారు. పాపకు బాగోలేదు అన్నాను. అది అబద్ధం కాదు.

అక్టోబరు 17, శుక్రవారం

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని వేరేలా గుర్తుపెట్టుకుంటాను.

తొమ్మిదిన్నరకు కిందికొచ్చింది. లేత ఆకుపచ్చ కుర్తా, ఉదయ్ ఇస్త్రీ చేసిపెట్టాడట. చేతిలో చిన్న కాగితం, ఇంగ్లీషులో చెప్పాల్సిన మాటలు రాసుకుంది. కారులో అవి నాకు అప్పజెప్పింది. ‘దేర్‌ఫోర్’ అనే మాట నోరు తిరగక నాలుగుసార్లు అంది. నేను సరిదిద్దాను. అవును, సరిదిద్దాను. పన్నెండు నిమిషాలు. రెండు సిగ్నళ్ళ దగ్గర ఆగాం. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇప్పుడు చెబుతాను అనుకున్నాను, పచ్చ లైటు వచ్చింది.

నువ్వు పద, నేనొస్తాను అని పార్కింగ్‌లోనే కూర్చున్నాను. ఎనిమిది నిమిషాల్లో తిరిగొచ్చింది. తలుపు తీసి, కూర్చుని, బెల్టు పెట్టుకుని, అప్పుడు చెప్పింది. నిన్ననే అయిపోయిందట. మెయిల్ పెట్టారట. తనదే తప్పట.

నీకు తెలుసా అక్కా అని అడిగింది.

నిన్న క్లాసుకు ముందు నన్ను అప్పటికప్పుడు పిలిచారు, నీకు ఇవాళే ఉందేమో అనుకున్నాను అన్నాను. ఒక్క ఊపిరిలో, తడుముకోకుండా. ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు వచ్చింది. సరేలే అక్కా అంది. కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. దారిలో, కనీసం నీకైనా రావాలె అంది. మనసులోంచే అంది.

అక్టోబరు 18, శనివారం

మర్చిపోయాను అని కూడా చెప్పి ఉండొచ్చు. అదైనా కొంచెం నయం.

అక్టోబరు 21, మంగళవారం

పోస్టు నాకొచ్చింది.

గీతాంజలి కజ్జికాయలు తెచ్చింది, నిన్నటి దీపావళివి కావు, ఇవాళ నాకోసమని మళ్ళీ చేసింది. శ్యామ్ నాలుగు తిన్నాడు. నేను ఒకటి కొరికి పక్కన పెట్టాను. పళ్ళు జివ్వుమంటున్నాయని చెప్పాను.

నవంబరు 4, మంగళవారం

ల్యాబ్‌లో రెండో వారం. డెనీస్ వచ్చింది. (A ∪ B)′ ఎందుకు A′ ∩ B′ అవుతుంది, సమ్మేళనం ఛేదనంగా ఎందుకు మారుతుంది అని అడిగింది. నియమం చెప్పాను. చదువుకున్నాను, కానీ ఎందుకు అంది. మళ్ళీ చెప్పాను, ఈసారి నెమ్మదిగా. ఇంకోలా చెప్పగలవా అంది. ఇంకోలా నా దగ్గర లేదు.

అప్పుడు బల్లలు గీశాను. ఉల్లి తినేవాళ్ళు, గుడ్డు తినేవాళ్ళు. ‘ఉల్లి గానీ గుడ్డు గానీ తింటారు’ అన్న లిస్టులో పేరు లేకుండా పోవాలంటే ఏం చేయాలి? ఉల్లీ తినకూడదు, గుడ్డూ తినకూడదు. డెనీస్ కాగితం వైపే చూసి, ఓ, అంది. ఆ ‘ఓ’ కోసమే కదా మనం పాఠం చెప్పేది.

నువ్వు చాలా గొప్ప టీచర్‌వి అంది.

ఆ మెప్పు ఎవరికి చెందాలో నాకు తెలుసు. పోస్టు తీసుకున్నాను, ఇప్పుడు బల్లలు కూడా తీసుకున్నాను. అయినా ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు. ఇది ముందు నాకెందుకు తోచలేదు, ఆమెకే ఎందుకు తోచింది అని కడుపు మండింది. ఇంత జరిగాక కూడా.

నవంబరు 6, గురువారం

డెనీస్ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ టేబుళ్ళ కథ వీళ్ళకూ చెప్పు అంది.

నవంబరు 13, గురువారం

చెప్పేశాను.

క్లాసు నుంచి వస్తూ. వాన లేదు, ట్రాఫిక్ లేదు, ఆగడానికి ఏ సాకూ లేదు. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లోకి తిప్పి కారు ఆపాను. ఏమన్నా కొనాలా అక్కా అంది. లేదన్నాను. ఇంటర్వ్యూ మారిందని ప్రొఫెసర్ నాకు ముందు మంగళవారమే చెప్పారు, నీకు చెప్పమని నాతోనే అన్నారు, నేను కావాలనే చెప్పలేదు అన్నాను. కావాలనే అన్న మాట పలకడానికి నోరు రాలేదు, అయినా పలికాను. ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు సిద్ధం చేసుకున్నాను, నువ్వు రెండు వరసల్లో చేస్తావు, నేను ఏడు రాస్తాను, అని. అడగలేదు.

ముందు అద్దంలోంచి బయటికి చూసింది. తర్వాత అంది:

"ఆ శుక్రవారం పొద్దుగాల గీ కార్లనే పన్నెండు నిమిషాలు కూసున్నం గదక్కా. దేర్‌ఫోర్ ఎట్లనాల్నో నేర్పినవు. అప్పుడన్నా చెప్పకపోతివి."

అంతే. బెల్టు తీసి, నాకు కొంచెం సామాన్లు కొనేదుంది, నువ్వు పో, ఉదయ్ వస్తడు అంది. గొంతు పెంచలేదు. తలుపు కూడా మెల్లగానే వేసింది. స్టోర్ లోపలికి వెళ్ళడం చూశాను. ఇంటికి రావడానికి నాకు కారు తియ్యబుద్ధి కాలేదు, కానీ అక్కడే ఉంటే ఆమె బయటికి రాదని అర్థమై తీశాను.

నవంబరు 14, శుక్రవారం

ఫోన్ తియ్యలేదు. నేను మళ్ళీ చేయలేదు.

నవంబరు 18, మంగళవారం

ప్రొఫెసర్ గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఇంగ్లీషులో చెప్పడం తేలికైంది, మాటలు నావి కానట్టు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ సెమిస్టర్‌కు మధ్యలో మార్చడం విద్యార్థులకు ఇబ్బంది, పూర్తి చేయండి, జనవరి నుంచి నేను ఆమెను అడుగుతాను అన్నారు. కోప్పడలేదు. తలుపు దాకా వచ్చి సాగనంపలేదు, అంతకుముందు వచ్చేవారు.

శ్యామ్‌కు కూడా చెప్పాను. నువ్వు అలా చేశావంటే నమ్మబుద్ధి కావడం లేదు అన్నాడు. నాకు మాత్రం నమ్మడం కష్టం కాలేదు. ఒక్క రోజులో చేసింది కాదు కదా అది. సెప్టెంబరు తొమ్మిది నుంచి కొంచెం కొంచెంగా చేస్తున్నాను.

డిసెంబరు 9, మంగళవారం

ఫైనల్. గీతాంజలి ముందు వరసలో కూర్చుంది. ఉదయ్ ఆఫీస్‌కి లేటుగా వెళ్తూ దింపుతున్నాడట, ఎవరో అనుకుంటుంటే విన్నాను. నాకన్నా పావుగంట ముందు పేపరు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడుకు నా చెయ్యి ఆగింది. ఏ లెక్కలో ఉన్నానో మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది.

పన్నెండు నిమిషాల దారి ఒంటరిగా చాలా పొడుగ్గా ఉంటుంది.

జనవరి 27, మంగళవారం

రెండో కోర్సులో చేరాను. గీతాంజలి వేరే సెక్షన్. ల్యాబ్‌లో ఇప్పుడు తనే ట్యూటర్.

వెళ్ళకూడదనుకున్నాను. కానీ మూడు రోజులుగా ఒక లెక్క కదలడం లేదు. (A ∩ B) ∪ (A′ ∩ C) ∪ (B ∩ C). ఇందులో మూడో ముక్క ఎగిరిపోతుందని పుస్తకం చివర జవాబు ఉంది. ఏ నియమం వేసినా అది పోదు. పదకొండు వరసలు రాసి మొదటికే వచ్చాను. నిజంగా రాకే వెళ్ళాను. ఇది నాకు నేను రెండుసార్లు చెప్పుకున్నాను దారిలో.

బల్ల దగ్గర డెనీస్ ఉంది, ఆమె పని అయ్యేదాకా నిలబడ్డాను. గీతాంజలి తలెత్తి చూసింది. ముఖంలో ఏమీ మారలేదు. కుర్చీ చూపించి, నా కాగితం తన వైపు తిప్పుకుంది.

"మీరు ఏ లైన్ దగ్గర ఆగిండ్రు?"

మీరు. నాకు వేలు పెట్టి చూపించడానికి రెండు క్షణాలు పట్టింది.

తను పెన్సిల్‌తో మూడో ముక్క చుట్టూ గీత గీసింది. B లోనూ C లోనూ ఉన్న మనిషిని తీసుకోండి అంది. ఆ మనిషి A లో ఉంటడు, లేకుంటే ఉండడు. ఉంటే మొదటి ముక్కలోనే వచ్చేసిండు. లేకుంటే రెండోదాంట్లో వచ్చేసిండు. ఇంక మూడోది విడిగా రాసే పని లేదు. తర్వాత, నేను అడగకుండానే, నాకు కావలసిన పద్ధతిలో కూడా చూపించింది. ముందు మూడో ముక్కను A ఉన్నదీ A లేనిదీ అని రెండుగా విడగొట్టాలట, చిన్నది చేయడానికి ముందు పెద్దది చేయాలట. ప్రతి వరస పక్కనా నియమం పేరు రాసింది. ఒక్కటీ వదల్లేదు. ఎంత బాగా చెప్పిందంటే, నేను అలా ఎప్పుడూ చెప్పలేదు.

అర్థమైందా మీకు అంది. అయిందండీ అన్నాను. మరి ఏమనాలి?

ఆ రోజు గురించి ఏదో అనబోయాను. తను అప్పటికే రిజిస్టర్‌లో నా పేరు రాస్తోంది. నా ఇంటిపేరు అడిగింది, తెలిసి కూడా. చెప్పాను. అక్షరాలు సరిగ్గానే రాసింది.

బయటికొచ్చి అద్దాల గోడలోంచి చూశాను. డెనీస్ మళ్ళీ వచ్చి నేను లేచిన కుర్చీలో కూర్చుంది, ఏదో అంది. గీతాంజలి పెన్సిల్ కింద పెట్టి, తల వెనక్కి వాల్చి నవ్వింది, ఆగస్టులో నా కారులో నవ్వినట్టు. అక్కడే నిలబడిపోయాను. లెక్క గురించి, పోస్టు గురించి నాకిప్పుడు ఏ బాధా లేదు. డెనీస్‌ను చూస్తే మాత్రం ఓర్చుకోలేకపోయాను.